పాత కంప్యూటర్, కొత్త ప్రాసెసర్: కోరికా, అవసరమా?



పెద్దదోర్నాలలో ఒక ఇల్లు అనుకోండి. తండ్రి బేల్దారి పనికి పోతాడు. తల్లి సీజన్‌లో మిరపకాయల కోతకు పోతుంది. డిగ్రీ చదివే కొడుకు దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2017 నాటి కంప్యూటర్ ఉంది. రైజెన్ 5 1600 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్కు. దాని మీదే చదువు, దాని మీదే ఆట. ఈ మధ్య గేమ్ ఆగి ఆగి నడుస్తోంది. "అమ్మా, ప్రాసెసర్ మార్చాల. పది పన్నెండు వేలు అయితాయి" అంటాడు. చేతిలో అంత లేదు. సంఘంలో అప్పు తీసుకోవాలి. మీరైతే ఏం చెబుతారు?

మనలో కొందరు వెంటనే "ఆటలకు అంత డబ్బా? బుద్ధుడు తణ్హ వదలమన్నాడు కదా" అంటారు. తొందరపడకండి. "ఇది నీకెందుకురా?" అన్న మాట మన తాతలు చాలాసార్లు విన్నారు. చెప్పులు నీకెందుకు, మంచి చీర నీకెందుకు, చదువు నీకెందుకు అన్నారు. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ మన స్త్రీలతో ఏం చెప్పారు? అందరిలాగే చీర కట్టుకోండి, శుభ్రంగా ఉండండి అన్నారు. పేదరికం గొప్పదని బుద్ధుడు చెప్పలేదని కూడా ఆయన వివరించారు. కాబట్టి పేదింటి బిడ్డ మంచి యంత్రం కోరుకోవడం పాపం కాదు. ఆడుకోవడం కూడా పాపం కాదు.

అయితే "మనమేం తక్కువ? కొనేద్దాం పా" అనడం కూడా జవాబు కాదు. "నీకెందుకు?" అని ఇంకొకడు అడిగితే అది అవమానం. "నాకెందుకు?" అని మనల్ని మనమే అడుక్కుంటే అది ఎరుక. ఈ రెంటికీ ఉన్న తేడా మరువవద్దు.

మరి ఎలా అడగాలి? బుద్ధుడు దుఃఖం ఉందని చెప్పి ఊరుకోలేదు. కారణం వెతకమన్నాడు. కారణం దొరక్కుండా మందు వేస్తే రోగం పోదు. కంప్యూటర్‌కూ అంతే. గేమ్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. గ్రాఫిక్స్ కార్డు దాదాపు నూటికి నూరు శాతం పని చేస్తుంటే, ఆలస్యం దానిది. ప్రాసెసర్ మార్చినా పెద్దగా ఒరిగేది లేదు. గేమ్‌లో రిజల్యూషన్ తగ్గించి చూడండి. వేగం పెరిగితే అడ్డం గ్రాఫిక్స్ కార్డే. తగ్గించినా మార్పు లేకపోతే అప్పుడు ప్రాసెసర్‌ను అనుమానించండి. ఇంకో మాట. మన ఎండలకు, ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుపోయి, థర్మల్ పేస్టు ఎండిపోతే, ప్రాసెసర్ కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది. అప్పుడు కావలసింది ఒక బ్రష్షూ, చిన్న పేస్టు ట్యూబూ. కంప్యూటర్ తెరుచుకోవడానికే నిమిషాలు పడుతుంటే, హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ పెడితే చాలావరకు తీరిపోతుంది.

ఇవన్నీ చూశాక కూడా ప్రాసెసరే కారణమని తేలిందా? అయితే ఈ అబ్బాయి అదృష్టవంతుడు. అతని మదర్‌బోర్డు ఏఎం4 రకం. బోర్డు తయారీదారు జాబితాలో ఉంటే, బయోస్ అప్‌డేట్ చేసి, 2022లో వచ్చిన రైజెన్ 5 5600 అదే బోర్డులో పెట్టుకోవచ్చు. అప్‌డేట్ సగంలో కరెంటు పోతే బోర్డే పాడవుతుంది, కనుక యూపీఎస్ ఉన్నచోట చేయించండి. అదే ఇంటెల్ నాలుగో తరం వాళ్లకైతే బోర్డూ మారాలి, ర్యామూ మారాలి. ఒక్క కోరిక వెనకాల మూడు ఖర్చులు నిలబడతాయి. తణ్హ నడిచే దారి ఇదే.

ఇక అప్పు సంగతి. అనాథపిండికుడికి బుద్ధుడు గృహస్థుకు నాలుగు సుఖాలు చెప్పాడు. న్యాయంగా సంపాదించినది ఉండటం, దాన్ని అనుభవించడం, అప్పు లేకుండా ఉండటం, నింద లేని నడవడి. చూడండి, అనుభవించడం సుఖమేనని ఆయనే అన్నాడు. అప్పు లేకపోవడాన్నీ దాని పక్కనే పెట్టాడు. ఒకటి కొనడానికి రెండోది అమ్ముకోవద్దు. మార్కాపురం పలక మీద రాత తుడిస్తే పోతుంది, సంఘం పుస్తకంలో అప్పు అలా పోదు. అది తల్లి కూలి నుంచే పోవాలి.

కొత్తది వస్తే పాతదాన్ని ఏం చేస్తారు? ఉదేన రాజు ఆనందుణ్ని ఇదే అడిగాడు: అయిదు వందల చీవరాలు తీసుకున్నావు, ఏం చేస్తావు? చిరిగినవి కట్టుకున్న భిక్షువులకు పంచుతానన్నాడు ఆనందుడు. మరి ఆ పాతవి? దుప్పట్లు అవుతాయి. అవి చినిగితే కింద పరుచుకుంటాం, తరువాత కాళ్లు తుడుచుకుంటాం, ఆఖరికి మట్టిలో కలిపి మెత్తుతాం అన్నాడు. మీ పాత ప్రాసెసర్ కూడా పక్కింటి పిల్ల చదువుకు పనికొస్తుంది. చెత్తలో వేయకండి.

2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మామూలు మద్దతు ఆగిపోయింది. ఈ అబ్బాయి ప్రాసెసర్ విండోస్ 11 జాబితాలో లేదు. అంటే ఒక కంపెనీ అతని యంత్రానికి కాలం చెల్లిందని చెప్పినట్టే. రక్షణ అప్‌డేట్ల మాట నిజమే, దాన్ని లెక్కలో వేసుకోవాలి, ఉచితంగా దొరికే లినక్స్‌నూ చూడాలి. కానీ మనకు అక్టోబర్ 14 ఇంకో విధంగా తెలుసు. 1956లో ఆ రోజున నాగపూర్‌లో, ఏది వదలాలో ఏది పట్టుకోవాలో మనవాళ్లు తామే నిర్ణయించుకున్నారు.

కనుక ఆ అబ్బాయికి ఇలా చెప్పండి: "నాయనా, వద్దు అనను. ముందు దుమ్ము దులుపు, కారణం కనిపెట్టు. ఎందుకు కావాలో కాగితం మీద రాయి. వచ్చే పౌర్ణమి నాడు మనిద్దరం కూర్చుని చదువుదాం. అప్పటికీ ఆ కారణం నిలబడితే, అప్పు లేకుండా నెలనెలా ఇంత దాచి కొందాం."

ఆ పౌర్ణమికి అతను ఏ నిర్ణయానికి వచ్చినా, అది అతనిదై ఉంటుంది. మీ ఇంట్లోనూ ఇలా చేసి చూడండి.