శాలగ్రామ క్షేత్రమున జడభరతుని పాఠము

శ్రీవైష్ణవ సంప్రదాయమున నూట ఎనిమిది దివ్యదేశములు ప్రసిద్ధములు. వానిలో క్షీరాబ్ధి, పరమపదము అను రెండును ఈ దేహముతో చేరదగినవి కావు. మిగిలిన 106 క్షేత్రములలో 105 భారతదేశమునందే కలవు. ఒక్కటి మాత్రము దేశపు ఎల్లలు దాటి, నేపాళమునందు ముస్తాంగ్ జిల్లాలో, ముక్తినాథమను పేర హిమాలయ శిఖరముల నడుమ వెలసియున్నది. ఆళ్వారులు కీర్తించిన శాలగ్రామ క్షేత్రము అదియేనని భక్తుల విశ్వాసము.

కృష్ణాతీర వాసులకు ఆ క్షేత్రము దూరమే గాని పరాయిది కాదు. మన జిల్లాలోని శ్రీకాకుళమున వెలసిన ఆంధ్ర మహావిష్ణువు కృష్ణదేవరాయలకు స్వప్నమున సాక్షాత్కరించి, ఆముక్తమాల్యదను రచింపుమని ఆనతిచ్చినట్లు ప్రసిద్ధి. ఆ కావ్యమున గోదాదేవికి తండ్రియైన విష్ణుచిత్తుడే పెరియాళ్వారు. ఆ పెరియాళ్వారును, తిరుమంగై ఆళ్వారును శాలగ్రామమునకు మంగళాశాసనము చేసిన మహనీయులు. మన ఇంటి దైవము కోరి చెప్పించుకొన్న కథలోని భక్తుడు తలచి మురిసిన కొండ అది. కనుకనే బందరు, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతముల గృహస్థులు జీవితమున ఒక్కసారియైనను ఆ స్వామిని సేవింపవలెనని ఆశించుట సహజము.

ఆ దారి మన కన్నులకు మిక్కిలి వింతగా తోచును. పోఖరా పట్టణము నుండి కాళీగండకీ నది లోయ వెంట పైకి పోవలెను. ఒకప్రక్క అన్నపూర్ణ, ఇంకొకప్రక్క ధవళగిరి. ఆ మహాపర్వతములు వానమబ్బుల నడ్డగించుటచే వాని వెనుకనున్న నేల బూడిదవర్ణముతో బోసిగా నుండును. ప్రొద్దెక్కిన కొలది లోయలో పెనుగాలి లేచును. వాన కొరత గనుక అక్కడి యిండ్లకు మట్టి మిద్దెలే కాని వాలు కప్పులు కానరావు. మిద్దె అంచుల చుట్టును వంటచెఱకు పేర్చియుందురు. కరిగిన మంచునీటిని చిన్న కాలువలుగా త్రిప్పి, వంతుల ప్రకారము యవల చేలకు పెట్టుకొందురు. 1855 నాటి బెజవాడ ఆనకట్ట పుణ్యమున పంట పండించుకొనుచు, శివారు భూములలో నీటివంతుకై ఎదురుచూచు మన రైతునకు ఆ దృశ్యము వెంటనే అర్థమగును.

ఆ లోయలోని థకాలీ జనులు తరతరములుగా టిబెట్టు ఉప్పును దక్షిణమునకు, ధాన్యమును ఉత్తరమునకు చేర్చుచు వర్తకము చేసిరి. ఇరువదవ శతాబ్దమున హిందూదేశపు సముద్రపు ఉప్పు చౌకగా కొండలకు ఎక్కుటతో ఆ వర్తకము క్షీణించినది. కడలి తీరపు ఉప్పు ఎచ్చటి వారి బ్రతుకును ఎట్లు మార్చినదో గదా! నేడు వారిలో పలువురు యాత్రికులకు బసలు నడుపుచున్నారు. గుఱ్ఱములను నడిపించువారు, నుదుటికి పట్టీ తగిలించి వీపున బరువులు మోయువారు ఆ కొండలలో నేటికిని కలరు.

ఇచ్చట మనము ఒక పురాణకథను స్మరింపవలెను. ఋషభుని కుమారుడైన భరతుడు రాజ్యమును పుత్రులకు అప్పగించి తపస్సు చేసినది ఈ శాలగ్రామ క్షేత్రమునందలి పులహాశ్రమముననే యని భాగవతము పంచమ స్కంధము తెలుపుచున్నది. నదిలో కొట్టుకొనిపోవుచున్న లేడిపిల్లను ఆయన రక్షించెను. రక్షించుట ధర్మమే. కాని దానిపై పెంచుకొన్న మమకారము ఆయనను మరుజన్మమున లేడిని చేసినది. ఆ పిమ్మట విప్రకులమున జన్మించి, సంగమునకు వెఱచి జడునివలె సంచరించెను.

ఒకనాడు సింధు సౌవీర దేశాధిపతియగు రహూగణుడు పల్లకిలో కపిల మహర్షి ఆశ్రమమునకు పోవుచుండగా బోయీలకు ఒక మనిషి తక్కువయ్యెను. దారిలో కనబడిన భరతుని పట్టి పల్లకి మోయించిరి. కాలిక్రింద చీమయైనను నలుగకూడదని ఆయన చూచి చూచి అడుగు వేయుచుండగా పల్లకి కుదుపుకు లోనయ్యెను. రాజు ఎగతాళి చేసి, పిదప గద్దించెను. అపుడు ఆ మౌని నోరు విప్పి, మోయునది ఎవరు, మోయబడునది ఎవరు, ప్రభువెవరు, భృత్యుడెవరు అను విచారమును రాజునకు బోధించెను. రహూగణుడు పల్లకి దిగి ఆయన పాదములపై వ్రాలెను. చూడుడు! రాజు వెదకికొని పోవుచున్నది బ్రహ్మజ్ఞానమును. ఆ జ్ఞానియే తన పల్లకి క్రింద ఉన్నాడు. దానిని తెలియక ఆయననే తిట్టెను.

ఈ కథ వినని వైష్ణవ గృహము ఉండదు. అయినను భరతుడు తపించిన ఆ కొండకే పోయి, గుఱ్ఱమును నడిపించు బాలునిపై కసరుకొను యాత్రికులు లేకపోలేదు. బాడుగయొద్ద పది రూపాయలకు పంతము పట్టుదురు. బస ఇచ్చిన ఇల్లాలి వంటను, వేషమును ఈసడింతురు. మంచులో నిలిచి మన సంచి మోసిన వానికి వేడినీరు దొరకినదా యని విచారింపరు. స్వామి దర్శనమునకు పోవుచు, దారిలో స్వామిని గద్దించుట రహూగణుని దోషము కాదా?

సన్నిధిలోను ఇట్టి పరీక్షయే కలదు. అచట స్థానిక బౌద్ధ సన్న్యాసినులు పరంపరగా ఆలయసేవ చేయుచున్నారు. మనము శ్రీమూర్తిగా సేవించు స్వామిని వారు కరుణామూర్తియైన అవలోకితేశ్వరునిగా కొలుతురు. దీనిని చూచి మొగము చిట్లింప పనిలేదు. మన శ్రీకాకుళమునకు చేరువనున్న ఘంటసాలలో బౌద్ధస్తూపము వెలసియున్న సంగతి మనకు తెలియును. మన సంప్రదాయమున నిష్ఠ కలిగియుండుట వేరు, అన్యుల భక్తిని కించపరచుట వేరు. శీతకాలమున మంచు కప్పిన వేళలందును ఆ సన్నిధిని కనిపెట్టి యుండువారు ఆ కొండవారే. మనము నాలుగు గడియలు నిలిచి వచ్చు అతిథులము.

గండకీ గర్భమున లభించు శాలగ్రామ శిలలును ఇదే వినయమును బోధించుచున్నవి. తులసియే గండకియై ప్రవహించుచున్నదని, ఆమె శాపమును మన్నించి స్వామి శిలారూపమున ఆమె ఒడ్డున నిలిచెనని పురాణగాథ. ఆ శిలలలోని చక్రములు కోట్ల సంవత్సరముల క్రిందట అచ్చట నుండిన సముద్రపు జీవుల గుర్తులని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. నేటి మహోన్నత పర్వతము ఒకనాటి కడలిగర్భమే. ఉన్నతమైనది, నిమ్నమైనది యను భేదము కాలస్వరూపుని ఎదుట ఏపాటిది? శాలగ్రామమును ఇంటికి తెచ్చినచో నిత్యము తిరుమంజనము, తులసి, నైవేద్యము జరుగవలెను. జరుపలేనివారు దర్శించి నమస్కరించి వచ్చుటయే మేలు.

పోదలచినవారికి కొన్ని మాటలు. బందరు సముద్రమట్టమునకు కొద్ది మీటర్ల ఎత్తున నున్నది. ముక్తినాథము సుమారు 3,700 మీటర్ల ఎత్తున నున్నది. అచట ఊపిరికి అందు ప్రాణవాయువు తీరమున లభించు దానిలో మూడింట రెండు వంతులు మాత్రమే. కావున జోమ్‌సోమ్‌నందో, పితృకార్యములకు ప్రసిద్ధమైన కాగ్‌బేనీనందో ఒక రాత్రియైనను విశ్రమించి పైకి పోవలెను. హృద్రోగము, రక్తపుపోటు కలవారు ముందుగా వైద్యుని సంప్రదింపవలెను. తలనొప్పి, వాంతి, ఆయాసము ముదిరినచో పట్టుదల మాని వెంటనే క్రిందికి దిగవలెను. 108 ధారలలోను మునుగవలెనని వృద్ధులు సాహసింపరాదు. ఆ తీర్థమును శిరస్సున ప్రోక్షించుకొన్నను స్వామి స్వీకరించును.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన వేలమందిని బలిగొన్నపుడు, ఎచ్చటెచ్చటి నుండియో వచ్చిన అపరిచితులు దివిసీమ బురదలో దిగి అన్నపు మూటలు మోసిరి, దిక్కులేని కళేబరములను మోసిరి. వారి భాష మనది కాదు, వారి కులగోత్రములను మనము అడుగలేదు. అన్యుల భుజముల బలముతో మరల నిలిచిన సీమ మనది. మోయువాని విలువ మనకు ఒకరు చెప్పవలెనా?

కనుక శాలగ్రామమునకు పోవు భాగ్యము కలిగినవారు ఆ కొండబిడ్డలను ఆదరముతో పలుకరింతురుగాక. ఆ భాగ్యము లేనివారు విచారింప నక్కరలేదు. మన కళ్ళమున బస్తా మోయువాడు, రిక్షా త్రొక్కువాడు, రేవున పడవ నడుపువాడు, వీరిలో ఎవరు జడభరతుడో ఎవరెరుగుదురు? వారియెడ మృదువుగా మాటలాడిన ఇంటనే శాలగ్రామ యాత్ర ఫలించును. శ్రీమూర్తి పెరుమాళ్ళ కటాక్షము, శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు అనుగ్రహము సర్వులకు లభించుగాక.