మనోవ్యాధిగ్రస్తుల యెడ సంఘధర్మము

ఇంట నొకరికి జ్వరము వచ్చినచో చుట్టములు, ఇరుగుపొరుగువారు వచ్చి పలుకరింతురు. అదే యింట నొకరికి మతి చలించినచో ఆ గుమ్మము త్రొక్కువారు అరుదు. తల్లియో, భార్యయో ఏండ్ల తరబడి ఒంటరిగా ఆ బరువు మోయుచుండును. ఆ బరువు నిజముగా ఎవరిది? ఇంటివారిదా, వైద్యాలయముదా, సంఘముదా?

దారి తోచని కుటుంబములు రోగిని ఎక్కడనో విడిచిన ఫలితమేమో 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాట ఏర్వాడిలో లోకము చూచినది. ఒక ఆశ్రయమున నిప్పంటుకొనగా, గొలుసులతో బంధింపబడిన రోగులు కదలలేక 28 మంది మరణించిరి.

వైద్యాలయ మొక్కటియే చాలునా? అచ్చట నెమ్మదించి ఇల్లు చేరినవారు మందు మానుట, పనిలేక కూర్చుండుట, వ్యాధి తిరుగబెట్టుట తరచు జరుగునదే. దీనిని గుర్తించి 1970 దశకము తొలినాళ్ళలో అమెరికాలోని మేడిసన్ నగరమున స్టైన్, మార్క్స్, టెస్ట్ అను మువ్వురు క్రొత్త పద్ధతి నెలకొల్పిరి. వైద్యుడు, నర్సులు, సంఘసేవకులు ఒక జట్టుగా రోగి యున్నచోటికే పోవుదురు. మందు విషయమున మాత్రమే గాక వంట, ఖర్చు, కొలువు, పొరుగువారితో మెలగుట యన్నిటను తోడుందురు. స్థావరము కన్న జంగమము మిన్న యన్న బసవేశ్వరుని బోధ నెరిగినవారికి ఈ పద్ధతి వింతగా తోచదు.

తెలుగువారు పెక్కురు నివసించు బళ్ళారి జిల్లాలోను 1980 దశకమున బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థ ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల వైద్యులకు, కార్యకర్తలకు శిక్షణ నిచ్చి ఈ వైద్యమును పల్లెలకు చేర్చెను. 1996లో ప్రారంభమైన జిల్లా మానసికారోగ్య పథకమునకు అదియే మాదిరి.

జట్టుపని మంగళగిరి నేతకాండ్రకు తెలియనిది కాదు. ఒకరు కండెలు చుట్టుదురు, ఒకరు ఆసు పోయుదురు, ఒకరు మగ్గమున కూర్చుందురు. తేరుకొనుచున్నవానికి మొదటి దినముననే మగ్గము అప్పగింప నక్కరలేదు. కండెలు చుట్టుటతో ఆరంభింపవచ్చును. అయితే కాయకము దండన కారాదు, భిక్షయు కారాదు. చేసిన పనికి తగిన కూలి ముట్టవలెను.

పదిమంది ఇంటికి వచ్చుట రోగికి మరియొక చెఱ కాదా యని కొంద రడుగుదురు. ఆ శంక సమంజసమే. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము గొలుసులతో కట్టుటను నిషేధించి, సంఘమున జీవించు హక్కును రోగికి ఒసగినది. కావున వచ్చువారు అతని నడిగి, అతని మాట విని మెలగవలెను. తోడు వేరు, కావలి వేరు.

మఠములు వైద్యము చేయబూనరాదు. రోగిని వైద్యునికడకు చేర్చుట, మందు మానకుండ హెచ్చరించుట, దాసోహపు పంక్తిలో అందరి సరసన కూర్చుండబెట్టుట, వారమున కొకపూట ఆ తల్లికి విశ్రాంతి కల్పించుట వాని పని. మంగళగిరి ఎయిమ్స్‌లో మానసిక వైద్య విభాగము కలదు. 14416 అను టెలిమానస్ సంఖ్యకు ఎవరైనను ఫోను చేయవచ్చును. ఆ మూసిన తలుపు తట్టువారు మాత్రము ఇరుగుపొరుగువారే కావలెను.