ఊరియా చేతిలోని ఉత్తరం



నేను సేవకుణ్ణి కాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఈ నెల వాక్యభాగం రాయమని కమిటీవారు నన్ను అడగడానికి ఒక కారణం ఉంది. వచ్చే నెల ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, ఒక విశ్వవిద్యాలయపు పరిశోధకులు మన ఫెలోషిప్ హాలుకు వస్తామని అడిగారు. మన దేశాల నుండి వచ్చినవారిలో షుగరు, గుండె జబ్బు ఎందుకు తొందరగా వస్తున్నాయో తెలుసుకోవడానికి కొన్ని ప్రశ్నలు అడిగి, కొంచెం రక్తం తీసుకొంటారట. ఆ సంగతి చర్చకు వచ్చినప్పుడు మనలో ఒక పెద్దాయన, "పాస్టర్ గారు వేదిక మీద నుండి ఒక్క మాట చెబితే చాలు, అందరూ సంతకాలు పెట్టేస్తారు" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. అది నిజం కూడా, మనం పెట్టేస్తాం. అందుకే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మీ బైబిలు తెరిచి రెండవ సమూయేలు గ్రంథం 23వ అధ్యాయం చూడండి. 13వ వచనం నుండి 17 వరకు ఒకసారి చదివి మళ్ళీ ఇక్కడికి రండి.

దావీదు అదుల్లాము గుహలో ఉన్నాడు. కోతకాలం. బేత్లెహేములో ఫిలిష్తీయుల దండు దిగి ఉంది. సొంత ఊరి గవిని దగ్గరి బావి నీళ్ళు గుర్తొచ్చి, ఆ నీళ్ళు ఎవరైనా తెచ్చిస్తే బాగుండునని పైకే అనేశాడు. అది ఆజ్ఞ కాదు, ఇల్లు తలచుకొని పడిన బెంగ. పరాయి దేశంలో ఉన్న మనకు ఆ బెంగ ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు. ముగ్గురు బలాఢ్యులు ఆ మాట విని, శత్రువుల దండులోనుండి చొచ్చుకొని వెళ్ళి నీళ్ళు తెచ్చారు. దావీదు తాగలేదు. ప్రాణానికి తెగించి వెళ్ళినవారి రక్తం లాంటివి ఈ నీళ్ళు అని యెహోవా సన్నిధిని పారబోశాడు.

చిన్నప్పుడు సండే స్కూల్‌లో ఈ కథ విని, అంత కష్టపడి తెచ్చిన నీళ్ళు వృథా చేశాడే అనుకొనేవాణ్ణి. ఇప్పుడు వేరే సంగతి కనబడుతోంది. ఆ ముగ్గురికి దారిలో ఏముందో తెలుసు. ఎవరూ వాళ్ళను పంపలేదు. వద్దనుకొంటే గుహలోనే కూర్చోవచ్చు. అంతా తెలిసి, తమ ఇష్టంతో వెళ్ళినా సరే, వాళ్ళ ప్రాణం పణంగా వచ్చిన దాన్ని తన దాహానికి వాడుకోవడానికి దావీదు భయపడ్డాడు.

అదే అధ్యాయం చివరి వచనానికి రండి. బలాఢ్యుల పేర్ల వరుసలో ఆఖరి పేరు హిత్తీయుడైన ఊరియా.

ఊరియా కథ పదకొండవ అధ్యాయంలో ఉంది, మీకందరికీ తెలుసు. యోవాబుకు దావీదు ఒక ఉత్తరం రాసి ఊరియా చేతికే ఇచ్చి పంపాడు. అందులో ఉన్నది ఊరియా చావు. యుద్ధం ముమ్మరంగా జరిగేచోట ఇతన్ని నిలబెట్టి మీరు వెనక్కి జరగండి అని. ఊరియా అన్ని రోజులు ప్రయాణం చేస్తూ దాన్ని మోశాడు. రాజు మీద నమ్మకం. నీళ్ళు పారబోసిన చెయ్యే ఈ ఉత్తరమూ రాసింది. మనిషి మంచివాడైనంత మాత్రాన అతని చేతిలో మరొకరి ప్రాణం క్షేమంగా ఉంటుందనుకోవడానికి లేదని ఈ రెండు అధ్యాయాలు పక్కపక్కన పెట్టి చదివితే అర్థమవుతుంది.

ఇప్పుడు అలబామాకు రండి. అట్లాంటా నుండి మాంట్‌గోమరీ వెళ్ళే ఐ-85 రహదారి మేకన్ కౌంటీ మీదుగా పోతుంది. మీలో కొందరు ఆ దారిన వెళ్ళే ఉంటారు. టస్కీగీ అనే ఊరు అక్కడే. 1932లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్యశాఖవారు ఆ కౌంటీలో సుమారు 600 మంది నల్లజాతి పురుషులను ఒక అధ్యయనంలోకి తీసుకొన్నారు. వారిలో 399 మందికి సిఫిలిస్ ఉంది, 201 మందికి లేదు. ఎక్కువమంది కౌలు రైతులు, చదువు లేనివారు. వాళ్ళకు జబ్బు పేరు చెప్పలేదు, "చెడ్డ రక్తం" అన్నారు. వైద్యం చేస్తున్నామన్నారు. నిజానికి వైద్యం చేయకుండా వదిలేస్తే ఆ జబ్బు మనిషిని ఏం చేస్తుందో చూడడమే వాళ్ళ ఉద్దేశం. వెన్నులో సూది గుచ్చి నీరు తీసినప్పుడు, అది ప్రత్యేకమైన ఉచిత చికిత్స అని ఉత్తరాలు పంపారు. ఉత్తరాలు! ఊరియా గుర్తొచ్చాడు నాకు.

1940ల చివరికల్లా పెన్సిలిన్‌తో ఆ జబ్బు నయమవుతుందని లోకమంతటికీ తెలిసింది. అయినా వీళ్ళకు ఇవ్వలేదు, బయట ఎక్కడా దొరక్కుండా కూడా చూశారు. భోజనం పెట్టారు, కారులో తీసుకెళ్ళారు, చనిపోతే సమాధి ఖర్చు ఇస్తామన్నారు. బదులుగా శవపరీక్షకు ఒప్పుకోవాలి. గౌరవంగా మట్టిలో కలవాలన్న పేదవాడి ఆశను ఇంత తెలివిగా వాడుకొన్నారు. ఇది రహస్యంగా కూడా జరగలేదు. వైద్య పత్రికలలో వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. పీటర్ బక్స్టన్ అనే ఉద్యోగి ఏళ్ళ తరబడి అభ్యంతరం చెప్పి, చివరికి పత్రికలవారికి చెప్పాడు. 1972 జూలైలో వార్త బయటకు వచ్చాకే అది ఆగింది. నలభై ఏళ్ళు.

మనకు తగిలే సంగతి ఒకటుంది. ఆ మనుషులను పోగుచేసిన చోట్లలో బడులున్నాయి, చర్చీలున్నాయి. నమ్మకం ఎక్కడుంటే అక్కడికే వచ్చారు. "పాస్టర్ గారు ఒక్క మాట చెబితే చాలు" అన్నప్పుడు నాకు నిద్ర ఎందుకు పట్టలేదో ఇప్పుడు మీకు తెలిసిందనుకొంటాను.

ఆ దుర్మార్గం తరువాతే ఇక్కడ నియమాలు వచ్చాయి. అంతకుముందే, నాజీ వైద్యుల విచారణ ముగిశాక 1947లో న్యూరెంబర్గ్ సూత్రాలు రాశారు. మనిషి స్వచ్ఛందంగా ఇచ్చే సమ్మతి లేనిదే ప్రయోగం లేదని మొదటి మాటే అది. కానీ అది ఎక్కడో క్రూరుల కోసం రాసినది, మాకెందుకు అనుకొన్నారు చాలామంది. టస్కీగీ వాళ్ళ ఇంట్లోనే బయటపడ్డాక 1974లో చట్టం చేశారు. 1979లో బెల్మాంట్ నివేదిక వచ్చింది. మనిషిని మనిషిగా గౌరవించడం, అతనికి మేలు చూడడం, న్యాయం అని అది మూడు మాటలు చెప్పింది. 1991లో చాలా ప్రభుత్వ శాఖలు కలిసి ఒకే నియమావళికి వచ్చాయి, దాన్నే కామన్ రూల్ అంటారు. దాని కిందికి వచ్చే పరిశోధనను ఐఆర్‌బి అనే మండలి ముందుగా చూడాలి. అందులో కనీసం ఐదుగురు ఉండాలి. ఒకరైనా శాస్త్రవేత్త కానివారు, ఒకరైనా ఆ సంస్థతో సంబంధం లేనివారు అయి ఉండాలి. ఈ నియమం నాకు చాలా ఇష్టం. దావీదు దగ్గరికి నాతాను వచ్చాడు చూడండి, గొఱ్ఱెపిల్ల కథ చెప్పడానికి. రాజు జీతం మీద బతికే మంత్రి ఆ కథ చెప్పగలిగేవాడా?

న్యాయం గురించి మన నేల సంగతి ఒకటి చెప్పాలి. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో సుమారు 14,000 మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార కాన్సర్ రాకుండా టీకా వేసే ప్రాజెక్టు మొదలైంది. చాలామంది గిరిజన పిల్లలు, ప్రభుత్వ హాస్టళ్ళలో ఉండేవారు. కొందరు పిల్లలు చనిపోయాక 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో చెప్పారు. ఆ టీకా ప్రపంచమంతటా వేస్తున్నారు, మా పాపకు వయసు వచ్చాక నేనూ వేయిస్తాను. నా బాధ టీకా మీద కాదు. సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులు పెట్టవలసిన సంతకాలు చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు పెట్టారు. ఆ తల్లికి తన కూతురికి ఏం వేస్తున్నారో తెలియదు. మన పిల్లల బడిలో ఇలా చేస్తే మనం ఊరుకొంటామా? భారతదేశంలో 2019లో వచ్చిన కొత్త మందుల పరీక్షల నియమాలు, పరీక్ష వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలంటున్నాయి. బలహీన స్థితిలో ఉన్నవారి సమ్మతిని కొన్ని పరీక్షల్లో వీడియో కూడా తీయాలి. ఇలాంటివి నియమంగా రాయవలసి వచ్చిందంటే అంతకుముందు ఏం జరిగి ఉంటుందో ఆలోచించండి.

ఇంతవరకు ఇతరుల పాపాలు చెప్పాను. ఇప్పుడు నాది.

మా అమ్మ మాతోనే ఉంటుంది. పన్నెండేళ్ళుగా షుగరు. రెండేళ్ళ క్రితం ఇక్కడ ఒక ఆసుపత్రిలో, ఒక మందు పరిశోధనలో చేరతారా అని అడిగారు. పదిహేను పేజీల ఫారం. నేను ఫోన్‌లో మీటింగ్‌లో ఉన్నాను. మ్యూట్ చేసి, "ఏం లేదమ్మా, షుగరు మందే. ఇక్కడ సంతకం పెట్టు" అన్నాను. అమ్మ పెన్ను అందుకొంది. నేను చెప్పాను కదా, ఇక చూసేదేముంది.

అక్కడున్న అమ్మాయి, ఇరవై ఐదేళ్ళు కూడా ఉండవు, చెయ్యి అడ్డం పెట్టింది. "కుటుంబ సభ్యులు అనువదించకూడదు సార్, ఆవిడకు అర్థమయ్యే భాషలో మేమే చెప్పాలి" అంది. నాకు చిరాకేసింది. ఫోన్‌లో ఒక తెలుగు అనువాదకురాలిని కలిపారు. ఎవరో తెలియదు, మాట మాత్రం కృష్ణా జిల్లా మాట. నలభై నిమిషాలు. అసలు మందు వస్తుందో, మందు లేని బిళ్ళ వస్తుందో ఎవరికీ తెలియదని ఆవిడ చెప్పింది. కళ్ళు తిరగవచ్చని చెప్పింది. ఎప్పుడు వద్దనుకొంటే అప్పుడు మానేయవచ్చని చెప్పింది.

అమ్మ అంతా విని ఒకే ప్రశ్న అడిగింది. "నేను కాదంటే డాక్టరు గారికి కోపం వస్తుందామ్మా?"

రాదని, మామూలు వైద్యం అలాగే జరుగుతుందని ఆవిడ చెప్పింది. అమ్మ పెన్ను బల్ల మీద పెట్టి, వద్దంది. కారులో నాతో, "మీ నాన్నగారి ఆపరేషన్ అప్పుడు కూడా ఇలా ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది నాన్నా" అంది. నేనేమీ అనలేకపోయాను. అప్పుడు సంతకం పెట్టమన్నదీ నేనే.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. మీరు ఫోన్‌లో చదవకుండా నొక్కే "నేను అంగీకరిస్తున్నాను" బటన్లు ఉంటాయే, వాటిని చేసేవాళ్ళలో నేనొకణ్ణి. ఒప్పుకొనే బటన్ పెద్దగా, పచ్చగా. వద్దనేది చిన్నగా, బూడిదరంగులో. ఎక్కువమంది నొక్కితే మాకు మెచ్చుకోలు. సమ్మతి అంటే ఒక క్లిక్కు అని నా ఉద్యోగం నాకు నేర్పింది. దేవుడైతే ఏదెనులో కూడా మనిషి ముందు ఆజ్ఞ పెట్టి, మీరితే ఏమవుతుందో ముందే చెప్పాడు. ద్వారము నొద్ద నిలిచి తట్టుతున్న ప్రభువును ప్రకటన గ్రంథం 3వ అధ్యాయంలో చూస్తాం. సర్వాధికారం గలవాడు గడియ తీసుకొని లోపలికి రావడం లేదు. ఆయన స్వరూపమందు చేయబడిన మనిషి తలుపును మనమెలా తోసుకొని వెళ్తాం?

కాబట్టి కమిటీకి నా మనవి ఇది. పరిశోధకులను రానిద్దాం. షుగరు, గుండెపోటు మన ఇళ్ళలో ఎందరిని తీసుకెళ్ళాయో మనకు తెలుసు. మనవాళ్ళు ఎవరూ చేరకపోతే మన జబ్బులకు సమాధానాలు దొరకవు. అదుల్లాము గుహలోనుండి ఆ ముగ్గురు వెళ్ళినట్టు, తెలిసి, ఇష్టపడి వెళ్ళేవారు వెళ్ళాలి, వారిని బట్టి దేవుణ్ణి స్తుతిద్దాం. కానీ ప్రకటన వేదిక మీద నుండి వద్దు. పాస్టర్ గారితో మాట్లాడాను, ఆయన వెంటనే ఒప్పుకొన్నారు. అది ఆరాధన జరిగిన రోజే కాకుండా మరో రోజు పెడితే ఇంకా మంచిది. ఫారం తెలుగులో కావాలని అడిగాం, పంపుతామన్నారు. అది వచ్చాక ఇంటికి తీసుకెళ్ళి చదవండి. రక్తం ఎన్నాళ్ళు దాచుతారు, నా పేరు దానితో ఉంటుందా, తరువాత మరో పరిశోధనకు వాడతారా, దాని వల్ల లాభం వస్తే ఎవరికి అని అడగండి. ఇవి చెప్పడం వారి బాధ్యత, అడిగినందుకు ఎవరూ చిన్నబుచ్చుకోరు. ఐఆర్‌బి ఫోన్ నంబరు ఫారం మీద ఉంటుంది. ఎవరు చేరారు, ఎవరు చేరలేదు అని మన వాట్సాప్ గ్రూపులో దయచేసి రాయకండి. పిల్లలు, మనవలు కూడా ఇంట్లో పెద్దవాళ్ళ బదులు జవాబు చెప్పవద్దు.

ఇంగ్లీషు ఫారం మా ఇంటికి ముందే వచ్చింది. నిన్న రాత్రి అమ్మ కళ్ళజోడు పెట్టుకొని, రక్తం గురించి ఉన్న పేజీ ఏదో చూపించమంది. చూపించాను. తెలుగుది వచ్చాక చదువుతానంటూ మడిచి బైబిల్లో పెట్టుకొంది. ఏమనుకొంటోందో చెప్పలేదు. నేనూ అడగలేదు.