కోటుకు లింగమేమిటి?

సెప్టెంబరు ఉక్కపోతలో శంషాబాద్ విమానాశ్రయం డిపార్చర్స్ ముందు మోకాళ్ళ దాకా ఉన్ని కోటు తొడుక్కున్న పిల్లలు కనిపిస్తారు. పెట్టెలో పెడితే బరువు పరిమితి దాటుతుంది, ఒంటి మీద ఉంటే ఎవరూ తూకం వేయరు. 2024 నుంచి ఇక్కడి నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు లుఫ్తాన్సా విమానం నేరుగా వెళ్తోంది. అక్టోబరులో మొదలయ్యే చదువులకు పోయేవాళ్ళున్నారు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా జర్మన్ నేర్చుకుని ఆస్పత్రుల్లో చేరడానికి పోయే నర్సులున్నారు. కోటు కొనకముందే దాని లింగాన్ని బట్టీపట్టినవాళ్ళు వీళ్ళు.

డేర్ మాంటెల్. కోటు పుంలింగం. అది కొక్కేనికి వేలాడుతుంటే డేర్ మాంటెల్. నేను దాన్ని తొడుక్కుంటే డెన్ మాంటెల్. దానితో బయటికి వెళ్తే డేమ్ మాంటెల్. దాని జేబు గురించి చెప్పాలంటే డెస్ మాంటెల్స్. మనకు విభక్తి మాట చివర చేరుతుంది: కోటును, కోటుతో, కోటుకు. వాళ్ళకు ఎక్కువగా మాటకు ముందున్న ఆర్టికల్ మారుతుంది. విభక్తులు నాలుగే అయినా లింగం తెలియనిదే ఒక్కటీ చేతికి రాదు. చొక్కా నపుంసకం, డాస్ హెమ్ట్. ప్యాంటు స్త్రీలింగం, డీ హోజె. ఈ రెండూ తొడుక్కున్నా విడిచినా ఆర్టికల్ మారదు, ఎందుకంటే ద్వితీయా విభక్తిలో మారేది పుంలింగ ఏకవచనం ఒక్కటే. ఆడవాళ్ళు తొడుక్కునే స్కర్టు పుంలింగం, మగవాళ్ళు మెడకు కట్టుకునే టై స్త్రీలింగం.

ఎందుకు అని అడగబుద్ధవుతుంది. అడగడం న్యాయమే. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో గ్రీకు తాత్వికుడు ప్రొటాగొరస్ ఇదే అడిగాడు. శిరస్త్రాణానికి గ్రీకులో ఉన్న ఒక మాట స్త్రీలింగం. అది పుంలింగం కావాలని ఆయన వాదించినట్టు అరిస్టాటిల్ రాశాడు. అన్నిటికీ కొలమానం మనిషేనన్న ఆలోచన ఈయనదే. మనిషే కొలమానమైతే, యుద్ధంలో మగవాడు పెట్టుకునే టోపీ లింగాన్ని మనిషి తన బుద్ధితో సరిచేయలేడా? సరిచేయలేకపోయాడు. గ్రీకులు వాళ్ళ మాటను వాళ్ళ లాగే వాడుకున్నారు. 19వ శతాబ్దంలో యాకోబ్ గ్రిమ్ మరో దారి పట్టాడు. మనిషి ఊహ ప్రాణుల్లోని ఆడామగా తేడాను వస్తువుల మీదికి పాకించిందని, అందుకే వ్యాకరణ లింగం పుట్టిందని అన్నాడు. తర్వాత కార్ల్ బ్రూగ్‌మన్ దాన్ని కాదన్నాడు. మాటల చివరి రూపాలే ముందు, ఊహలు తర్వాత అన్నది ఆయన వాదం. నాకు బ్రూగ్‌మన్ మాటే ఎక్కువ నమ్మకంగా ఉంది. టై చూసి ఎవరికైనా ఆడమనిషి గుర్తొస్తుందా?

మన పెద్దలు ఈ ప్రశ్నను పక్కనపెట్టి బట్టీపట్టారు. అమరకోశం అసలు పేరు నామలింగానుశాసనం. పేరును, దాని లింగాన్ని కలిపి నోటికి రప్పించడమే దాని పని. సంస్కృతంలో పెళ్ళాం అన్న ఒక్క అర్థానికి భార్య స్త్రీలింగం, దార పుంలింగం, అదీ బహువచనంలోనే, కళత్రం నపుంసకం. ఇంట్లో ఉన్న ఒకే మనిషికి మూడు లింగాలు. ఏ పిల్లవాడూ దాన్ని చూసి సంస్కృతం వద్దనలేదు. కారణం లేని నియమాన్ని నేర్చుకోవడం బుద్ధికి అవమానం కాదని నాకనిపిస్తుంది. ఏ ఒక్కరి అనుమతీ అడగకుండా ఎన్నో తరాలవాళ్ళు కలిసి మాట్లాడుకున్నది భాష. కొలమానం మనిషే, కానీ ఆ మనిషి ఒంటరివాడు కాడు.

అయితే ఇక్కడ ఆగిపోతే తప్పు. కోటుకు ఏ లింగం పెట్టినా కోటుకు నొప్పి లేదు. మనిషికి పెట్టినప్పుడు? మన తెలుగునే చూడండి. అతను వచ్చాడు. ఆమె వచ్చింది. బస్సు వచ్చింది. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణంలో మగవాళ్ళను చెప్పే మాటలు మహద్వాచకాలు. ఏకవచనంలో ఆడమనిషి క్రియ పశువుతో, బండితో కలుస్తుంది. ఇది ఆయన కల్పించింది కాదు, ఉన్నదే రాశాడు. మనం పుట్టినప్పటి నుంచీ వింటున్నాం కాబట్టి మనకు వినపడదు. స్కర్టు పుంలింగమేమిటని విడ్డూరపడ్డవాళ్ళకు ఇదెందుకు విడ్డూరం కాలేదు? పరాయి భాష నేర్చుకోవడంలోని పెద్ద మేలు నాకు ఇక్కడే కనిపిస్తుంది, ఉద్యోగం తర్వాత సంగతి.

బహువచనం మాత్రం రెండు భాషల్లోనూ దయగలది. జర్మన్‌లో మూడు లింగాలకూ ఒకటే ఆర్టికల్, డీ. తెలుగులో ఆడవాళ్ళయినా మగవాళ్ళయినా వచ్చారు. అందుకే కాబోలు, గౌరవించాలనుకున్న స్త్రీని మనవాళ్ళు బహువచనంలోకి తెచ్చుకున్నారు: టీచరుగారు వచ్చారు. సూత్రం మారలేదు, జనం దారి వెతుక్కున్నారు. జర్మన్లు చట్టంతో ఆ పని చేశారు. నర్సును ఒకప్పుడు రోగుల సోదరి అన్న అర్థమొచ్చే క్రాంకెన్‌ష్వెస్టర్ అనేవారు. 2020 జనవరి 1న అమల్లోకి వచ్చిన చట్టం స్త్రీకి ఫ్లేగెఫాఖ్‌ఫ్రావ్, పురుషునికి ఫ్లేగెఫాఖ్‌మన్ అని వృత్తి హోదా ఇచ్చింది. కోటు లింగం మార్చమని మాత్రం అక్కడ ఎవరూ ఉద్యమం చేయడం లేదు. ఆ తేడా సరైనదే.

మరి నర్సు సంగతి? అక్కడ నర్సుగా పూర్తి గుర్తింపుకు సాధారణంగా బీ2 స్థాయి జర్మన్ కావాలి. ఆమె డెన్ అనాల్సిన చోట డేర్ అన్నా ముసలాయనకు కోటు అందుతుంది, అర్థానికి లోటు రాదు. కానీ ఆయన చెవికి ఆమె పరాయిదని ఆ ఒక్క అక్షరం చెప్పేస్తుంది. ఆమె చదువును, చేతి నైపుణ్యాన్ని ఆ అక్షరంతో కొలిచేవాళ్ళూ ఉంటారు. అది అన్యాయం. నేర్చుకునే బాధ్యత వచ్చినవాళ్ళదైతే, అంతదాకా ఓర్పుగా వినే బాధ్యత అక్కడున్నవాళ్ళది.

శంషాబాద్‌కూ ఇది కొత్త కాదు. ఒడిశా నుంచి పనికొచ్చిన కుర్రాడి మాతృభాషలో క్రియకు లింగభేదం లేదు. అతను "అమ్మ వచ్చాడు" అంటే మనం నవ్వుతాం. హిందీలో మనం చేసేదీ అదే. కమీజ్ స్త్రీలింగం, కుర్తా పుంలింగం. మనం రెంటికీ "అచ్ఛా" అనేసి బేరం ముగిస్తాం. బస్టాండు దగ్గర బట్టల కొట్టతను అర్థం చేసుకుని చొక్కా ఇస్తాడే తప్ప మాట దిద్దడు. అందుకే కమీజ్ లింగం మనలో చాలామందికి ఇప్పటికీ తెలియదు. జర్మన్ క్లాసులో టీచరు ప్రతిసారీ ఆపి దిద్దుతుంది, అందుకే ఆ పిల్లలకు కోటు లింగం తెలుసు. ఈ ఇద్దరిలో ఎవరిది ఎక్కువ ఆదరణో నాకింకా తేలలేదు.