సైనికుని జీర్ణవస్త్రము

వేసవి సెలవులకు ముందు ఒకనాడు మా పాఠశాలకు ఒక వృద్ధురాలు వచ్చెను. ఆమె కుమారుడు మాయొద్ద చదువుకొన్నవాడు. సైన్యమున చేరి, కొలువులో నుండగనే మృతినొందినవాడు. ఆకులు పఱచినట్లు మచ్చలు గల యాతని దుస్తుల జత యొకటి ఆమె పెట్టెలో ఏండ్ల తరబడి యున్నది. దానితో సంచి కుట్టింపబోగా, దర్జీ కత్తెర వేయుటకు జంకి, పంతులుగారి నడిగి రమ్మనెనట. మేము క్షణమైనను ఆలోచింపక, "వద్దమ్మా, అది పూజనీయమైన బట్ట, భద్రంగా దాచుకోండి" అంటిమి. "పురుగుల కోసం దాచమంటారా బాబూ?" అని మాత్రమని ఆమె వెడలిపోయెను.

ఆ మాటకు మాయొద్ద ఉత్తరము లేకపోయెను. నాటినుండి యీ విచారము మమ్ము విడువలేదు.

పవిత్రమైన వస్తువునకు పని తీరిన పిమ్మట దాని నేమి చేయవలెనను ప్రశ్న మన పూర్వులకు క్రొత్తది కాదు. మీమాంసకులు దీనికి ప్రతిపత్తికర్మ యని పేరు పెట్టి విచారించిరి. యజ్ఞదీక్షలో నున్నవాడు మేను గోకుకొనుటకు కృష్ణమృగపుకొమ్మును చేత నుంచుకొనును. దక్షిణ లిచ్చిన పిదప ఆ కొమ్మును చాత్వాలమను గోతిలో పాఱవేయవలెనని విధి. అట్లు పాఱవేయుట దాని కవమానమని యెవరును తలంపలేదు. ఇంటికి తెచ్చి దూలమునకు వ్రేలాడదీయుమని యే శాస్త్రకారుడును చెప్పియుండలేదు!

బౌద్ధుల చుల్లవగ్గములోని కథ మాకింకను ప్రియమైనది. కౌశాంబిలో ఉదయనుని యంతఃపురస్త్రీలు ఆనందునకు 500 వస్త్రములిచ్చిరి. ఈ సన్న్యాసి బట్టలయంగడి పెట్టునా యని రాజునకు సందేహము కలిగి, వీని నేమి చేయుదువని యడిగెను. చినిగిన చీవరములు గల భిక్షువులకు పంచుదునని ఆనందుడు చెప్పెను. మఱి ఆ చినిగినవో? అవి పక్కమీద పఱచు దుప్పట్లగును. ఆ దుప్పట్లు పాతబడిన పఱుపులకు తొడుగులగును. పిదప నేలపై పఱచుకొందురు. అటుపిమ్మట కాళ్లు తుడుచుకొను గుడ్డలు, దుమ్ము దులుపు గుడ్డలు. అవియు చివికిపోయినపుడు ముక్కలు చేసి బురదతో కలిపి నేల యలుకుదురట. రాజు సంతోషించి మఱి 500 వస్త్రములిచ్చెను. కాషాయము కంటె పవిత్రమైన వస్త్రము మనకేది? అదియే కాలిక్రింది గుడ్డయైనపుడు సైనికుని చొక్కా భుజమున సంచి యగుటలో దోషమేమి?

ఇంతమాత్రమున విచారము ముగిసినదనుకొంటిమి, ముగియలేదు. చీవరముతో ఒకని ప్రాణభయము అంటుకొని యుండదు, సైనికుని వస్త్రముతో నుండును. అమెరికాలో డ్రూ కామెరాన్ అనువాడు, ఇరాకు యుద్ధమునుండి మరలివచ్చిన సైనికుడు, తన యొంటిమీది యూనిఫారమును తానే కత్తిరించి, గుజ్జు చేసి, కాగితముగా పోతపోసెను. 2007 లో మొదలైన ఆ పనికి కాంబాట్ పేపర్ అని పేరు. ఆ దేశముననే 2013 లో నూన్యెజ్ సోదరీమణు లిరువురు సోర్డ్ అండ్ ప్లో అను సంస్థను స్థాపించి, సైన్యమున మిగిలిన వస్త్రములతో సంచులు కుట్టించిరి. కొలువు వీడిన సైనికులకు పని కల్పించిరి. వీరు సైనికుని బిడ్డలు. వీరి నుద్దేశమును మేము శంకింపము. పని లేనివానికి పని చూపుట యేనాటికైనను మేలే. కాని యిట్టి సంచి యంగడికెక్కినపుడు కొనువాడు దేనికి వెలయిచ్చుచున్నాడో యోచింపవలసియున్నది. గుడ్డకును కుట్టుకూలికిని ఇచ్చిన సరే. పేరుపట్టీని ఊడదీయక దానినే యలంకారముగా నుంచి యమ్ము సంచులును కలవు. అచ్చట కొనువాడు వేఱొకడు పడిన యపాయములో పాలు కొనుచున్నాడని మా యభిప్రాయము. సైనికుడు కానివాడు సైనికుడని నమ్మించుటకై ఆ వేషము ధరించిన శిక్షింపుమని 1860 నాటి శిక్షాస్మృతి చెప్పినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితయు 168 వ విభాగమున ఆ మాటనే చెప్పుచున్నది. చట్టము గుడ్డను చూడలేదు, మోసపుబుద్ధిని చూచినది. సంచి మోయువాడు అబద్ధమాడడు. ఆడకయే యించుక శౌర్యము అరువు తెచ్చుకొనును.

దాచుమన్న మా మాట మాత్రము ధర్మమా? 1846 లో పెషావరున హారీ లమ్స్‌డెన్ గైడ్సు దళమును కూర్చి, కొలదికాలములోనే దానికి దుమ్మురంగు బట్టలు తొడిగెను. ఖాకీ యను పేరే పారశీకమున దుమ్మును తెలుపు మాటనుండి వచ్చినది. సైనికుడు శత్రువునకు కనబడకుండుటకై పుట్టిన రంగును అద్దపుబీరువాలో నుంచి పదిమందికి చూపుట వింతయే కదా! పైగా, ఆ వస్త్రము దేశముది, తల్లి దానిని కత్తిరింపరాదని వాదించు మిత్రుడొకడు మాకు కలడు. ఇన్నేండ్లలో దేశము వచ్చి ఆ పెట్టె తెఱచి చూచినదా? దానిని యేటేట ఎండకు వేసి మడతపెట్టినది ఆమెయే. కత్తెర విషయమున దర్జీకి లేని యధికారము మాకు నెక్కడిది? ఆమె యడిగినది యుపాయము. మేమిచ్చినది యాజ్ఞ.

దసరా సెలవులలో ఈ మాట చెప్పుటకై ఆమె యింటికి పోతిమి. అప్పటికే పని జరిగిపోయినది. దర్జీతో పనిలేక ఆమెయే చేతికుట్టున సంచి కుట్టుకొన్నది; కుట్లు వంకరగా నున్నవి గాని గట్టివి. పేరుపట్టీని ఊడదీసి పెట్టెలో నుంచినదట. చొక్కాజేబును మాత్రము చెడగొట్టక, గుండీతో సహా, సంచికి వెలుపలివైపున అట్లే నిలిపినది. మేము చెప్పదలచినది చెప్పకమునుపే ఆమె ఆ గుండీ విప్పి, జేబులోనుండి మడతపెట్టిన కాగితము తీసి, ఇంగ్లీషులో నున్నది, చదివి చెప్పుమని మా చేతికిచ్చెను. పింఛను ఆగకుండవలెనన్న, నవంబరు నెలలో తాను జీవించియున్నట్లు ధ్రువపత్రము దాఖలు చేయవలెనని అందున్నది.