గోదారి దాటే గొడ్డు, ఆకాశం దాటాలంటే

వరద రోజుల్లో గోదారి లంకల నుంచి గొడ్లను దాటించడం పట్టిసీమ వైపు కొత్త కాదు. ఆవును ముందు పడవ ఎక్కించబోతే కాళ్లు నిగడదన్ని రేవులోనే నిలబడిపోతుంది. దూడను ఎక్కిస్తే తల్లి తనే వస్తుంది. చెక్కల మీద గిట్ట జారినప్పుడు దాని కళ్లు తెల్లబడతాయి. “పలుపు వదులుగా పట్టుకో అబ్బాయ్, బిగిస్తే బెదురుద్ది” అంటాడు సరంగు.

అంగారకుడి మీద మనిషి ఊరు కడతాడన్న మాట వింటే నాకు ఈ గొడ్లే తలపుకొస్తాయి. మనిషి వెళ్లినచోటికి పాడి వెళ్లాలి కదా. ఎదిగిన ఆవును రాకెట్‌లో ఎవరూ మోయరు. పిండాలనో వీర్యాన్నో మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో పంపుతారు. జపాన్‌లో శాస్త్రవేత్త వాకయామా బృందం ఎండబెట్టిన ఎలుక వీర్యాన్ని దాదాపు ఆరేళ్లు అంతరిక్ష కేంద్రంలో ఉంచి, దానితో ఆరోగ్యమైన పిల్లల్ని పుట్టించినట్టు 2021లో ప్రకటించింది. కాబట్టి విత్తనం వెళ్లగలదు. ఎన్ని రకాల విత్తనం వెళ్తుందన్నదే నా బెంగ.

ఆ బెంగకు మన ఒంగోలు జాతే కారణం. 19వ శతాబ్దంలో ఓడలెక్కి బ్రెజిల్ చేరిన ఈ పశువులను అక్కడ నెలోర్ అంటారు, మన నెల్లూరు పేరే. 1960ల మొదట్లో వెళ్లిన చివరి పెద్ద విడత ఫెర్నాండో డి నొరోన్యా దీవిలో క్వారంటైన్ గడిపి ఒడ్డెక్కింది. ఒంగోలు పక్క కరవది ఊరి పేరున్న కర్వాదితో పాటు గోదావరి, ఆకాశము అనే ఆబోతులూ అప్పుడే వెళ్లాయి. ఇవాళ బ్రెజిల్‌లోని 20 కోట్ల పైచిలుకు పశువుల్లో ఎక్కువ భాగం ఈ నెత్తురే. వయాటినా-19 అనే ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటింది. గర్వంగానే ఉంటుంది. అయినా ఆ కోట్ల తలల వంశం వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే దారులన్నీ గుప్పెడు ఆబోతుల దగ్గరికే చేరతాయి. మంద పెరిగింది, వంశం ఇరుకైంది. సముద్రం దాటితేనే ఇంత ఇరుకైతే, అంతరిక్షం దాటే డబ్బాలో ఎంత పడుతుంది? అక్కడ ఒక్క రోగం వస్తే మళ్లీ అడగాల్సింది ఈ నేలనే.

ఈ నేల దగ్గర ఏం మిగిలింది? ట్రాక్టరొచ్చి ఒంగోలు ఎద్దుకు అరక పని పోయింది. పుంగనూరు పొట్టి ఆవు అంతరించే అంచుదాకా వెళ్లింది; దాన్ని నిలబెట్టడానికి పలమనేరు పశు పరిశోధన కేంద్రం పూనుకోవాల్సి వచ్చింది. వాటికి పేరుంది కాబట్టి అడిగేవాళ్లున్నారు. పట్టిసీమకు ఎగువన, పోలవరం ప్రాజెక్టు ముంపు ఊళ్లలో కొండల్లో మేసిన నాటు గొడ్లకు జాతి పేరే లేదు. పునరావాస కాలనీల్లో మేత బీడు లేక ఎందరో వాటిని అమ్ముకున్నారు. కొమ్ము తీరు, వానకు తట్టుకునే గిట్ట, మెట్టగడ్డితో బతికే కడుపు ఎవరూ రాసిపెట్టకుండానే సంతకు పోయాయి.

మిగిలినవాటి వీర్యాన్ని సేకరించి భద్రపరచడం పశుసంవర్ధక శాఖకు పెద్ద ఖర్చు కాదు. ఆ కాలనీల పక్కన నాలుగెకరాల బీడు వదలడం ప్రభుత్వానికి భారమూ కాదు. ఈ రెండూ ఇప్పుడే మొదలుపెట్టాలి.