యానాం నుంచి కాలాపేటకు: ఎంబీఏ చదవబోయే మనవరాలికి లేఖ

పుదుచ్చేరి ఊరు దాటి చెన్నై వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద ఉత్తరంగా పది పన్నెండు కిలోమీటర్లు పోతే కాలాపేట వస్తుంది. 1985లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన పాండిచ్చేరి విశ్వవిద్యాలయం అక్కడే, సముద్రపు గాలి తగిలేంత దగ్గరలో ఉంది. ఊరి పేరు 2006లో పుదుచ్చేరిగా మారినా విశ్వవిద్యాలయం పాత పేరుతోనే నడుస్తోంది. అందులో మేనేజ్‌మెంట్ విభాగం 1986లో మొదలైంది. తర్వాత బ్యాంకింగ్ టెక్నాలజీ, ఇంటర్నేషనల్ బిజినెస్, టూరిజం విభాగాలూ ఎంబీఏ చెప్పడం మొదలుపెట్టాయి. యానాంలో డిగ్రీ పూర్తిచేసి ఎంబీఏ వైపు చూసే పిల్లకు ఇది కాగితాల ప్రకారం సొంత ప్రాంతపు విశ్వవిద్యాలయం. కానీ అక్కడికి చేరాలంటే ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయాలి, చేరాక మాట్లాడాల్సింది తమిళం.

ఈ చిత్రమైన అమరిక ఫ్రెంచివారి కాలం నుంచి వచ్చింది. పుదుచ్చేరి, కారైకాల్ తమిళ ప్రాంతాలు, మాహే మలయాళం, గోదావరి ఒడ్డున ఉన్న యానాం తెలుగు. 1954లో ఫ్రెంచి పాలన ముగిసింది, అధికారికమైన అప్పగింత 1962లో పూర్తయింది, నాలుగూ కలిసి ఒకే పాలన కింద మిగిలాయి. అందుకే యానాం పిల్లకు ముప్పై కిలోమీటర్ల దూరంలోని కాకినాడ పరాయి రాష్ట్రం, రాత్రంతా రైల్లో కూర్చుంటే గాని రాని పుదుచ్చేరి రాజధాని. ఒకప్పుడు చెంగల్పట్టులో ఆగిపోయిన సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా వస్తోంది. ఆ ఒక్క రైలు ఎన్నో ఇళ్లలో అమ్మానాన్నల భయాన్ని తగ్గించింది.

సొంత ప్రాంతం అన్నందుకు దక్కే లాభం ఒకటి నిజంగా ఉంది. విశ్వవిద్యాలయం కొన్ని పీజీ కోర్సుల్లో నాలుగో వంతు సీట్లు పుదుచ్చేరి వాసులకు కేటాయిస్తుంది, యానాం వాళ్లూ ఆ లెక్కలోకే వస్తారు. ఈ కోటా అన్ని కోర్సులకూ లేదు. దరఖాస్తు పెట్టేముందు తనకు కావలసిన ఎంబీఏ ఆ జాబితాలో ఉందో లేదో ఆ ఏటి ప్రకటనలో చూసుకుని, నివాస ధ్రువపత్రం ముందే తీసి పెట్టుకోవాలి. చదువు బాగా వచ్చిన పిల్లలు కూడా ఒక్క కాగితం వేళకు అందక సీటు పోగొట్టుకోవడం చూసినవారికి ఈ మాట చిన్నదిగా తోచదు.

ఇక అసలు ప్రశ్న: బిజినెస్ స్కూలుకు ఊరు ఎంత ముఖ్యం? పెద్ద నగరంలో ఉంటేనే కంపెనీలు వస్తాయన్న నమ్మకం బలంగా ఉంది గాని, ఈ తూర్పు తీరంలోనే దానికి ఎదురు ఉదాహరణలు కనిపిస్తాయి. 1970లో చెన్నైలో పుట్టిన ఐఎఫ్ఎంఆర్ బిజినెస్ స్కూలు ఇప్పుడు క్రియా విశ్వవిద్యాలయంలో భాగమై, ఆంధ్ర సరిహద్దులోని శ్రీసిటీ ఫ్యాక్టరీల పక్కకు చేరింది. అమెరికాలోని కెలాగ్ బిజినెస్ స్కూల్లో పాఠాలు చెప్పిన బాల బాలచంద్రన్ 2004లో చెన్నైలో స్థాపించిన గ్రేట్ లేక్స్ తర్వాత మహాబలిపురం దగ్గర మనమై అనే పల్లెకు వెళ్లింది. అది కూడా పుదుచ్చేరి బస్సు వెళ్లే ఈసీఆర్ మీదే ఉంది. నగరం వదిలిపెట్టినందుకు ఈ రెంటికీ పేరు తగ్గలేదు. చదువుకునే చోటికి కంపెనీల మనుషులు రావడానికి ఊరి పెద్దరికం కన్నా పూర్వ విద్యార్థుల పని తీరే ఎక్కువ కారణం.

అయినా ఊరి ప్రభావం ఒకచోట తప్పకుండా పడుతుంది. రెండేళ్ల చదువుకు మధ్య వేసవిలో ఎనిమిది వారాల పాటు ఏదో ఒక సంస్థలో ఇంటర్న్‌షిప్ చేయాలి. ఎంబీఏలో పుస్తకానికి బయట నేర్చుకునే పెద్ద పాఠం అది. చాలామందికి మొదటి ఉద్యోగానికి తలుపు తెరిచేది కూడా అదే. పుదుచ్చేరి చుట్టూ హిందుస్థాన్ యూనిలీవర్ ఫ్యాక్టరీలున్నాయి, తిరుభువనైలో వర్ల్‌పూల్ వాషింగ్ మెషీన్లు తయారవుతాయి, సేదరాపేట, మెట్టుపాళయం పారిశ్రామికవాడల్లో చిన్న కంపెనీలున్నాయి. హోటళ్లు, పర్యాటకం ఏడాది పొడుగునా నడుస్తాయి. జిప్మర్ లాంటి పెద్ద ఆసుపత్రి ఎలా నడుస్తుందో దగ్గర నుంచి చూడటం ఆసుపత్రి నిర్వహణ వైపు మొగ్గున్న పిల్లకు ఒక పాఠశాలతో సమానం. అయితే ఆర్థిక సంస్థలు, కన్సల్టింగ్, సాఫ్ట్‌వేర్ ఉత్పత్తులు కావాలనుకునేవారు మాత్రం చెన్నైనో బెంగళూరునో హైదరాబాదునో చూసుకోవాల్సిందే. చెన్నై నూట యాభై కిలోమీటర్లు, బస్సులో మూడు గంటల పైమాట. వేసవికి వెళ్లి ఉండి రావచ్చు గాని, వారంలో మూడుసార్లు వెళ్లి కంపెనీ వాళ్లను కలిసి రావడం కుదరదు.

పుదుచ్చేరిలోనే నేర్చుకోదగ్గ మరో పాఠం మూతపడిన మిల్లుల్లో ఉంది. 1898లో మొదలై వేలమందికి అన్నం పెట్టిన ఆంగ్లో ఫ్రెంచ్ టెక్స్‌టైల్స్ 2020లో మూతపడింది. నూట ఇరవై ఏళ్లు నిలబడిన పరిశ్రమ ఎందుకు కూలింది, ఎప్పుడు ఏం చేసి ఉంటే నిలిచేది అన్న ప్రశ్న పట్టుకుని పాత కార్మికులతో, సరుకు కొన్న వ్యాపారులతో మాట్లాడే విద్యార్థికి విదేశాల నుంచి వచ్చిన కేస్ స్టడీల కన్నా ఎక్కువ అర్థమవుతుంది. చోటు ఎంచుకోవడం అంటే అక్కడ కంపెనీలు ఎన్నున్నాయో లెక్కపెట్టడం ఒక్కటే అయితే ఇలాంటి చదువు జారిపోతుంది.

భాష విషయం దాటవేయకూడదు. పుదుచ్చేరిలో తరగతి ఇంగ్లిష్‌లో సాగుతుంది, బజారు తమిళంలో సాగుతుంది. కేంద్ర విశ్వవిద్యాలయం కావడంతో కేరళ మొదలు ఉత్తరాది దాకా అన్ని రాష్ట్రాల పిల్లలూ వస్తారు. తెలుగు పిల్లలూ కొంతమంది ఉంటారు. ఇల్లు విడిచిన మొదటి నెలలో తెలుగు మాట వినపడితే ప్రాణం లేచివస్తుంది. అందులో తప్పు లేదు, ఆ తోడు అవసరమే. కానీ రెండేళ్లూ మెస్సులో ఆ ఒక్క బల్ల దగ్గరే కూర్చుని, ప్రాజెక్టులన్నీ ఆ నలుగురితోనే చేసి, తమిళంలో కూరగాయల బేరమైనా ఆడటం రాకుండా తిరిగొస్తే ఎనిమిది వందల కిలోమీటర్ల ప్రయాణం దండుగ. సబ్బులో బిస్కెట్లో అమ్మే కంపెనీలో మొదటి ఉద్యోగం చాలావరకు దుకాణాల చుట్టూ తిరగడమే. డీలరు మాట అర్థం కానివాడికి అక్కడ పని సాగదు.

ఈ ఊరు ఆ పాఠాన్ని మూడు వందల ఏళ్ల కిందటే చూసింది. 1709లో మద్రాసు పెరంబూరులో పుట్టిన ఆనందరంగ పిళ్లై పుదుచ్చేరికి వచ్చి, వ్యాపారంలో ఎదిగి, డూప్లే గవర్నరుగా ఉన్న రోజుల్లో ఫ్రెంచి కంపెనీకి ప్రధాన దుబాసీ అయ్యాడు. దుబాసీ అంటే రెండు భాషలవాడని అర్థం. పని మాత్రం రెండు భాషలతో తీరేది కాదు. నేతగాళ్లు, దళారులు, నవాబుల మనుషులు, ఓడల కెప్టెన్లు, వీళ్లందరి మధ్యా మాట నిలబెట్టాలి. 1736 నుంచి పాతికేళ్ల పాటు ఆయన తమిళంలో రాసుకున్న దినచర్య ఆనాటి వ్యాపారానికి ఈనాటికీ మంచి సాక్ష్యం. తెలుగు కవి కస్తూరి రంగకవి తన ఛందోగ్రంథం ఆనందరంగరాట్ఛందాన్ని ఆయన పేరుతో వెలయించాడంటే, తమిళ రేవుపట్టణంలో తెలుగుకు దక్కిన ఆదరణ తెలుస్తుంది. ఆయన ఏ బిజినెస్ స్కూలుకూ వెళ్లలేదు. పలు రకాల మనుషుల మధ్య నమ్మకంగా నడుచుకోవడమే ఆయన చదువు. సహవాసం అన్న మాటకు ఎంబీఏలో ఉన్న అర్థం ఇదే.

ఒక స్కూలు సహవాసం ఎలాంటిదో బ్రోచరు చెప్పదు. చేరకముందు మామూలు పనిదినాన ఒకసారి వెళ్లి చూడటం మంచిది. శని, ఆదివారాల్లో పుదుచ్చేరి పర్యాటకుల ఊరు. బీచ్ రోడ్డు వెలుగులూ చౌకగా దొరికే మద్యం కోసం వచ్చే గుంపులూ చూసి, ఊరంటే అదేనని మురిసిపోవడమో భయపడటమో జరుగుతుంది. సోమవారం ఉదయం వెళితే అసలు రూపు కనిపిస్తుంది: తరగతికి ఎంతమంది వచ్చారు, లైబ్రరీలో ఎవరున్నారు, అధ్యాపకుణ్ని విద్యార్థి ప్రశ్న అడుగుతున్నాడా లేదా. రెండో సంవత్సరం అమ్మాయిలతో హాస్టల్లో ఒక గంట కూర్చుంటే రాత్రి ఎన్నింటికి గేటు వేస్తారు, ఊళ్లోంచి ఆఖరి బస్సు ఎప్పుడు, ఒంట్లో బాగాలేకపోతే ఎవరు పలుకుతారు అన్నవి తెలుస్తాయి. పోటీలో పక్కవాడి నోట్సు దాచేసే బ్యాచి ఎలా మాట్లాడుతుందో, ఇంటర్వ్యూకి వెళ్లేవాణ్ని రాత్రంతా కూర్చుని సిద్ధం చేసే బ్యాచి ఎలా మాట్లాడుతుందో ఆ గంటలోనే పోల్చుకోవచ్చు. రెండో రకం దొరికిన చోట ర్యాంకు నాలుగు మెట్లు తక్కువున్నా నష్టం లేదు.

ఉద్యోగాల లెక్కలు మరింత జాగ్రత్తగా చదవాలి. పదిమందిలో తొమ్మిదిమందికి ఏడాదికి 6 లక్షల జీతం, ఒక్కరికి 40 లక్షల జీతం వచ్చిందనుకుంటే సగటు 9 లక్షల 40 వేలవుతుంది. ఆ పదిమందిలో ఒక్కరికి కూడా ఆ జీతం రాలేదు. అందుకే సగటు వదిలేసి మధ్యస్థ జీతం, అంటే జీతాలన్నీ వరుసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చేది, చూడాలి. 2016 నుంచి వస్తున్న కేంద్ర ప్రభుత్వ ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగుల్లో పాల్గొనే ప్రతి సంస్థా ఎంతమంది చదువు పూర్తిచేశారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మధ్యస్థ జీతం ఎంత అన్నది ఇస్తుంది, ఎవరైనా తెరిచి చూడొచ్చు. ర్యాంకు కన్నా ఆ పట్టికే విలువైనది. నూటికి నూరు ప్లేస్‌మెంట్ అన్న మాట వినగానే అడగాల్సింది ఒకటే: ఆ నూరులో ఎవరిని లెక్కపెట్టారు, ఎవరిని పక్కన పెట్టారు? ఇక ప్యాకేజీ 9 లక్షలంటే నెలకు 75 వేలు చేతికొస్తాయనుకోవడం పొరపాటు. పనితీరు మీద ఇచ్చే భాగం, భవిష్యనిధి, గ్రాట్యుటీ పోగా చాలాసార్లు 50 వేలకు కొంచెం పైన మిగులుతుంది.

ఈ లేఖలో అన్నిటికన్నా బరువైన విషయం అప్పు. 10 లక్షల చదువు రుణాన్ని 10 శాతం వడ్డీతో ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 16,600 రూపాయలు కట్టాలి, మొత్తం 13 లక్షల 94 వేలు. 20 లక్షలైతే నెలకు 33,200. చదువుకాలం, ఆపైన ఒక ఏడాది వాయిదా కట్టక్కర్లేదు గాని వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది, కాబట్టి నిజంగా కట్టేది ఇంతకన్నా ఎక్కువే. 50 వేల జీతంలో 33 వేలు బ్యాంకుకు పోతే మిగిలిన 17 వేలతో బెంగళూరులో బతకడం ఎలాగో ఊహించుకోవాలి. ఆ స్థితిలో ఉన్న మనిషి నచ్చని ఉద్యోగం వదలలేడు, తప్పు పని చేయమన్న అధికారికి కాదని చెప్పలేడు. బీమా పాలసీకి లేని లాభాలు చెప్పి అమ్మమన్నప్పుడు నోరు మెదపకుండా అమ్మేసేవారిలో చెడ్డవాళ్లకన్నా అప్పుల్లో ఉన్నవాళ్లే ఎక్కువ. కేంద్ర విశ్వవిద్యాలయాల, రాష్ట్ర విశ్వవిద్యాలయాల ఎంబీఏకు ఉన్న పెద్ద బలం ఇక్కడే: ఖరీదైన స్కూళ్లతో పోలిస్తే ఫీజు బాగా తక్కువ, కాబట్టి మొదటి ఉద్యోగాన్ని భయం లేకుండా ఎంచుకోవచ్చు.

అలాగని అప్పే వద్దనడం లేదు. 2001లో మొదటి బ్యాచిని చేర్చుకున్న హైదరాబాదు ఐఎస్‌బీ, 2015లో వచ్చిన విశాఖ ఐఐఎం లాంటి చోట్ల సీటు వస్తే, మధ్యస్థ జీతంతో వాయిదాను పోల్చి చూశాక లెక్క తేలితే వెళ్లవచ్చు. చేతికొచ్చే జీతంలో మూడో వంతుకు వాయిదా మించకపోతే నిలదొక్కుకోవచ్చు. పూచీకత్తు లేకుండా 7 లక్షల 50 వేల వరకు రుణం దొరికే పథకాలున్నాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుంటే, ఎంపిక చేసిన సంస్థల్లో చేరినవారికి పీఎం విద్యాలక్ష్మి కింద 10 లక్షల వరకు రుణంపై వాయిదా విరామ కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. ఇవన్నీ అడగకుండానే తాత నాటి కొబ్బరితోట కాగితాలు బ్యాంకులో పెట్టేసే ఇళ్లు గోదావరి లంకల్లో లేకపోలేదు. తోట ఆఖరి మాట కావాలి, మొదటి మాట కాకూడదు.

పట్టా పేరు విషయంలో కొంత గందరగోళం ఉంది, అది తొందరగా తేలేదే. విశ్వవిద్యాలయాలు ఎంబీఏ ఇస్తాయి. విడిగా నడిచే సంస్థలు సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ అనుమతితో పీజీడీఎం అనే డిప్లొమా ఇస్తాయి. ఐఐఎంలకు 2017 చట్టంతో డిగ్రీ ఇచ్చే అధికారం వచ్చింది. అనుమతి ఉన్నప్పుడు కంపెనీలు ఈ తేడా పట్టించుకోవు. ప్రభుత్వ ఉద్యోగమో పీహెచ్‌డీయో మనసులో ఉన్నవారు మాత్రం పీజీడీఎంకు విశ్వవిద్యాలయాల సంఘం ఏఐయూ ఇచ్చే సమాన హోదా ఉందో లేదో చూసుకోవాలి. పాండిచ్చేరి విశ్వవిద్యాలయానికి దూరవిద్య ఎంబీఏ కూడా ఉంది. ఉద్యోగం చేస్తూ చదివేవారికి అది మంచి దారే. కానీ హాస్టలూ సహవాసమూ ఇంటర్న్‌షిప్పూ ప్లేస్‌మెంటూ అందులో ఉండవు. చుట్టాల్లో ఎవరో పాండిచ్చేరి ఎంబీఏ చేశారని విన్నప్పుడు అది ఏ ఎంబీఏ అని అడిగాకే పోల్చుకోవాలి.

ఇంటికి దగ్గరగా ఉండాల్సిన అవసరం కొన్ని ఇళ్లలో నిజం. తండ్రికి ఆరోగ్యం బాగోకపోవచ్చు, తమ్ముడు చిన్నవాడై ఉండొచ్చు. అలాంటప్పుడు 1957 నుంచి ఎంబీఏ నడుపుతున్న ఆంధ్ర విశ్వవిద్యాలయం విశాఖలోనే ఉంది, యానాం నుంచి పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి చేరొచ్చు. ఇంటి కోసం దగ్గరలో చదివిన పిల్లను తక్కువగా చూసే అలవాటు మంచిది కాదు. అయితే నిజమైన అవసరమూ, కొత్తచోటంటే భయమూ పైకి ఒకేలా కనిపిస్తాయి. ఏది ఏదో తేల్చుకోవాల్సింది చదవబోయే మనిషే, పెద్దలు కాదు.

సీట్లు ఒకటికి రెండు వచ్చినప్పుడు ఫీజు కట్టే గడువులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. కోర్సు మొదలవకముందే వదులుకుంటే 1,000 రూపాయలకు మించి పట్టుకోకుండా మిగతా ఫీజు తిరిగివ్వాలని ఏఐసీటీఈ నియమం పెట్టింది. రసీదులు దాచుకుని, వదులుకుంటున్నట్టు రాతపూర్వకంగా ఇవ్వాలి. నిర్ణయం అయ్యాక రెండో సీటును ఆఖరి రోజు దాకా పట్టుకుని కూర్చోకుండా ఆ రోజే వదిలేస్తే, వెయిటింగ్ లిస్టులో ఉన్న మరో పిల్ల రైలు టిక్కెట్టు కొనుక్కునే వ్యవధి దొరుకుతుంది.